మెసైమీర్‌లో కుదిరిన తాటివనం ప్రయాణం

బడిలో టీచరు ఏ ప్రశ్న అడిగినా మొదట లేచేది నా చెయ్యే. జవాబు మాత్రం ఎన్నడూ లేవలేదు. ఏడో తరగతిలో బడి మానేశాను గానీ, ఆ చెయ్యెత్తే జబ్బు నాతోపాటు విమానమెక్కి ఖతార్ వచ్చేసింది.

ప్రపంచకప్ కోసం స్టేడియాలు లేస్తున్న రోజులవి. అల్ ఘర్రాఫాలో ఉండే ఒక ఫ్రెంచి ఇంజనీరును కారులో సైటుకు తీసుకెళ్ళడం నా డ్యూటీ. ఆయనది ద్రాక్షతోటల ఊరు. వైను మాట ఎత్తాడంటే సైటు వచ్చినా కారు దిగడు. ఒకరోజు, మార్చిలో స్నేహితుడి పెళ్ళికి హైదరాబాద్ వెళ్తున్నానని, రెండు రోజులు ఖాళీ ఉందని, మా వైపు అలాంటి తోటలున్నాయా అని అడిగాడు. నా చెయ్యి లేచింది.

"సార్, మా దగ్గర చెట్టు నుంచే దిగుతుంది. మొత్తం నేను చూసుకుంటా!"

చూసుకోవడానికి నాకేం తెలుసు? నేను కల్లు తాగింది దుకాణంలోనే. మెసైమీర్ క్యాంప్‌లో నా కింది మంచంలో పడుకునే జగిత్యాల తమ్ముడు సైటులో స్కఫోల్డింగ్ కడతాడు. వాళ్ళది కల్లుగీత పని చేసే ఇల్లు. జగిత్యాల దగ్గర వాళ్ళన్న ఇప్పటికీ చెట్టెక్కుతాడు. నా ప్లాను అతనికి వినిపించాను: పొద్దున చార్మినార్, మధ్యాహ్నం బిర్యానీ, మర్నాడు సాయంత్రం నాలుగింటికి కల్లు.

"నాలుగింటికా? అప్పటికి పులిసి ముక్కు పగులగొడ్తది. సారు గుటక తాగి ఉమ్మేస్తే ఎవలి పేరు పోతదన్నా, నీదా, మా అన్నదా? మత్తుమందు కలిపేటోళ్ళ పుణ్యాన ఇప్పటికే కల్లంటే జనం మొకం తిప్పుకుంటున్నరు."

నాకు అది సరదా, వాళ్ళకు పరువు. ఎత్తిన చెయ్యి మొదటిసారి దించుకున్నాను.

ఇక పని అతనే అందుకున్నాడు. ముందురోజే కరీంనగర్ వచ్చి పడుకోవాలి. ఎండ ఎక్కకముందే చెట్టు కింద ఉండాలి. ఖాళీ కడుపుతో తాగకూడదు, వెంట గుడాలు, అదే ఉడికిన గుగ్గిళ్ళు, ఉండాలి. క్యాంప్‌లో తాగడానికి నీళ్ళు, చాయ్ తప్ప అన్నీ 'మాఫీ', అంటే అరబ్బీలో లేవని. అయినా ఆ మంచం మీద కూర్చుని కళ్ళు మూసుకుంటే చాలు, ఏ చెట్టు రుచి ఏమిటో చెప్పేవాడు. గట్టు మీది పోతుతాటిది తీపి, కాలువ పక్కదానికి కొంచెం వగరు. ఫోన్‌లో వాళ్ళన్న రోజూ ఒకటే అడిగేవాడు: "దుబాయ్ సారుకు ఎట్లాంటిది ఇష్టమో అడిగిన్రా?" వాళ్ళ ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే.

కారులో అడిగాను. వగరంటే ఇష్టమన్నాడు. వాళ్ళ ఊళ్ళోనూ ఏ కొండవాలు ద్రాక్ష రసాన్ని ఆ వాలు పేరుతోనే విడిగా ఉంచుతారట. ఆ మాట చేరవేశాను.

"అయితే సారు మనోడే" అని తమ్ముడు వెంటనే అన్నకు ఫోన్ కొట్టాడు. "కాలువ చెట్టు లొట్టిల కల్లు దేంట్లనూ కలుపకు. సారు వచ్చినంక, ఆయన ముంగటనే దించు."

ఐదు నక్షత్రాల హోటళ్ళ ముందు గంటలకొద్దీ కారు ఆపుకుని కూర్చున్నవాణ్ణి నేను. అతిథి నాలుకను ఇంత ముందుగా కనుక్కుని ఏర్పాటు చేసినవాణ్ణి అక్కడ కూడా చూడలేదు.

ఇంజనీరు తిరిగొచ్చి, కారెక్కుతూనే ఫోన్ చూపించాడు. నడుముకు మోకు చుట్టుకుని చెట్టు పైన తమ్ముడి అన్న, కింద దొన్నెలా మడిచిన తాటాకు రేక పట్టుకుని గడ్డం నిండా నురుగుతో ఈయన, పక్కన మాటలు విడమరిచి చెప్పిన పెళ్ళివారి మనిషి. రెండు చెట్ల తేడా నాలుకకు తెలిసిందని, మూడోసారి రేక నింపించుకున్నానని, ఆ అన్నకు లేచి దండం పెట్టానని సైటు వచ్చేదాకా చెప్పాడు.

డ్యూటీ దిగగానే తమ్ముడి ముందు రొమ్ము విరుచుకున్నాను.

"చూసినవా తమ్మీ, నా సారుతోని మీ అన్నకు దండం పెట్టించిన!"

బూట్లు విప్పుకుంటున్నవాడు తల కూడా ఎత్తలేదు.

"అవునన్నా, మా అన్న ఫోన్ చేసిండు. సారు నీ గురించి గూడ మస్తు చెప్పిండట. నీ కారుల ఏసీ మంచిగుంటదని."