నీలి రేకుల వీధి

కావలిలో ఒక చేత్తో గొడుగు, మరో చేత్తో ట్యాబ్ పట్టుకుని నడిచే అబిగయీలును చూడని వీధి లేదు. ఉపగ్రహం తీసిన ఫొటోలను బట్టి కంప్యూటరు ఊళ్లో చెట్లెక్కడో, ఇళ్లెక్కడో, నీళ్లెక్కడో గుర్తిస్తుంది. దాన్ని బట్టే ఏ పేటలో ఎంత వేడి ఉంటుందో అంచనా కడతారు. ఆ గుర్తింపు సరైనదో కాదో వెళ్లి చూసి రావడం ఆమె పని. చెప్పిన చోట నిలబడి నాలుగు దిక్కులా ఫొటోలు తీస్తుంది. చెమట చుక్కలు పడిన ట్యాబును చున్నీతో తుడుస్తుంది. ఎవరింటి ముందు ఆగినా ముందు నమస్కారం పెడుతుంది.

మార్చిలో ఒకరోజు, మ్యాపులో చెరువని ఉన్న చోటికి వెళితే నీలిరంగు రేకుల ఇళ్లు కనిపించాయి. "ఇక్కడ చెరువుండేదా అమ్మా?" అని అడిగింది. గోడ నీడన మనవడికి విసనకర్రతో విసురుతున్న ఇందిరమ్మ నవ్వింది. "చెరువా? పగలు ఇంట్లో ఉండలేకే గదా, బిడ్డనెత్తుకోని ఈడ కూచున్నా!" పైనుంచి తీసిన ఫొటోల్లో నీలి రేకులు కంప్యూటరుకు నీళ్లలా కనిపించి, చల్లని చోటని అంచనాలో పడినందువల్ల, వేడి తగ్గించే పనులకు ఎంచిన పేటల్లో ఆ వీధి లేనే లేదు. అబిగయీలు అక్కడే ట్యాబులో చెరువన్న మాట కొట్టేసి రేకుల ఇళ్లని రాసింది. ఆఫీసులో అంచనా మళ్లీ వేసేదాకా వదలలేదు.

మే నెలలో ఆ రేకులన్నిటికీ ఎండను తిప్పికొట్టే తెల్లరంగు వేశారు. మిట్టమధ్యాహ్నం చూడటానికి వెళ్లిన ఆమెకు ఇందిరమ్మ గడపలోనే ఎదురొచ్చింది. "మెల్లిగా మాట్లాడు తల్లీ. నీ పుణ్యాన బిడ్డ లోపల నిద్దరపోతా ఉండాడు," అంటూ పట్టుకున్న చెయ్యి చాలాసేపు వదల్లేదు.