కొలతలు గట్టిగా చదివిన రోజు

1999 ఎండాకాలం. మాదాపూర్‌లోని మా టైలరింగ్ షాపు కస్టమర్లతో నిండి ఉన్న ఒక సాయంత్రం, నేను ఒక పెద్దమనిషి నడుము కొలిచి, అందరికీ వినబడేలా ఒక మాట అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తప్పు తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఎందుకంటే అది నోరు జారి అన్న మాట కాదు. ఏళ్ల తరబడి సరదాగా, అలవాటుగా అంటూ వచ్చిన మాట.

హైటెక్ సిటీ గాజు మేడ అప్పటికి కొత్త. చుట్టూ ఇంకా బండరాళ్లే. అంతకుముందు నేను స్కూలు యూనిఫారాలు, పెళ్లిళ్ల సీజన్‌లో సఫారీలు కుట్టుకునేవాణ్ణి. మేడ లేచాక ఫార్మల్ ప్యాంట్లు, ఫుల్ హ్యాండ్స్ చొక్కాలు కావాలంటూ కుర్రాళ్లు వరస కట్టారు. షాపులో నేను మాస్టర్‌ని, అంటే కొలతలు తీసుకుని గుడ్డ కత్తిరించేవాణ్ణి. మిషన్ మీద కుట్టేది ఖాదర్ భాయ్. ఇద్దరం ఒకే ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నాం.

కొలతలు తీసేటప్పుడు మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. టేపు పట్టిన చెయ్యి కలం పట్టదు. మాస్టర్ అంకెలు పైకి చదువుతాడు, ఇంకొకరు రాసుకుంటారు. అంకెలతో పాటు ఒంటి తీరు కూడా చెప్పాలి. వీపు ముందుకు వంగి ఉంటే స్టూపింగ్, పొట్ట ముందుకొస్తే కార్పులెంట్, భుజాలు జారి ఉంటే డ్రాప్ షోల్డర్. నడుము కొలత ఒకటే అయినా ఒంటి తీరు వేరైతే కత్తెర వేరే దారిలో నడవాలి. ఆ ఇంగ్లీషు మాటలు మాకు చప్పగా అనిపించి, ఖాదర్ భాయ్, నేనూ సొంత పేర్లు పెట్టుకున్నాం. వంగిన వీపు కొడవలి. బక్కపలచని మనిషి హ్యాంగర్. పొట్ట ఉన్నవాళ్లు రంజన్. ఎండాకాలంలో చల్లటి నీళ్లకి పెట్టుకునే పెద్ద మట్టికుండని మా వైపు రంజన్ అంటారు. మా షాపు మూలన కూడా తడిగుడ్డ చుట్టుకుని ఒకటి ఉండేది.

ఆ సాయంత్రం వచ్చినాయన పేరు పూర్ణచంద్రరావు గారు. యాభైకి దగ్గర పడిన మనిషి. మాట తీరుని బట్టి కోస్తా నుంచి వచ్చినవారని తెలిసిపోయింది. చేతిలో బూడిద రంగు ప్యాంటు గుడ్డ, తెల్లటి చొక్కా గుడ్డ ఉన్నాయి.

"సోమవారానికి కావాలండీ మాస్టరు గారూ. ఇంటర్వ్యూ ఉంది."

"ఇంటర్వ్యూ మీ కొడుక్కా సార్? బాబు రాలే?"

"నాకేనండీ" అన్నారాయన కాస్త తగ్గు గొంతుతో.

అక్కడైనా నోరు కట్టుకోవాల్సింది. బెంచీ మీద కూర్చున్న కుర్రాళ్ల ముందు నా హుషారు ఆగలేదు. టేపు ఆయన నడుము చుట్టూ తిప్పి, "నలభై నాలుగు! రాస్కో భాయ్, రంజన్!" అన్నాను.

"చిన్నదా, పెద్దదా మాస్టర్?" ఖాదర్ భాయ్ తల ఎత్తకుండానే అడిగాడు.

"పెండ్లి పందిట్ల పెట్టేది!"

కుర్రాళ్లు గొల్లుమన్నారు. పూర్ణచంద్రరావు గారు అయోమయంగా చూశారు. "రంజన్ అంటే ఏంటండీ?"

"ఏం లేదు సార్, మా టైలర్ల లెక్క."

కుర్రాళ్లలో ఒకడు ఆపుకోలేక మూలనున్న కుండ వైపు చూశాడు. ఆయన కూడా అటు చూశారు. తర్వాత తన పొట్ట వైపు చూసుకుని చిన్నగా నవ్వారు. "పోలిక బాగానే కుదిరిందండీ" అన్నారు. ఆయన నవ్వారు కదా, నొచ్చుకోలేదనుకున్నాను. మర్యాదస్తుడి నవ్వుకీ సంతోషపు నవ్వుకీ తేడా తెలియనంత మొద్దుతనం నాది.

కుట్టడంలో ఇంకో తప్పు చేశాను. పొట్టని దాచెయ్యాలనుకున్నాను. ప్యాంటుకి వరసగా ప్లీట్స్ పెట్టాను, అంటే నడుము పట్టీ కింద వేసే మడతలు. చొక్కా చుట్టూతా వదులు పెంచాను. ఎంత వదులుంటే అంత మర్యాద అని ఆ రోజుల్లో నా నమ్మకం.

శనివారం ట్రయల్‌కి ఆయన రాలేదు. సాయంత్రం ఆయన భార్య విజయలక్ష్మి గారు కూరగాయల సంచితో వచ్చారు. "బట్టలు ఇచ్చేయండి, ఆయన రారు" అని ప్యాంటు తీసుకుని, విప్పి, చేతులు బార్లా చాపి పట్టుకున్నారు.

"ఏవండీ మాస్టరు గారూ, ఇది ఒక్కరికేనా? మా అమ్మాయీ నేనూ కూడా దూరిపోవచ్చు ఇందులో!"

"లూజుగ ఉంటే పొట్ట కనవడదమ్మా."

"పొట్ట కనబడదు, సరే. మనిషి కనబడొద్దూ?"

ఆవిడ ప్యాంటు మడత పెడుతూ అసలు సంగతి చెప్పారు. ఆయన ట్యుటోరియల్ కాలేజీలో లెక్కల మాస్టారు. పిల్లలంతా కంప్యూటర్ కోర్సులకి పోతుంటే ఆ కాలేజీని జూన్‌లో మూసేస్తున్నారు. మాదాపూర్‌లో ఒక కంపెనీ కొత్తగా చేరే కుర్రాళ్లకి లాజిక్ నేర్పడానికి మనిషిని వెతుకుతోంది. సోమవారం వాళ్ల ముందు బోర్డు దగ్గర నిలబడి ఒక పాఠం చెప్పి చూపించాలి.

"ఇప్పుడు వెళ్లనంటున్నారండీ. బోర్డు దగ్గర నిలబడితే పిల్లలు పాఠం వినరట, రంజన్‌ని చూస్తారట. ఆ మాట ఎక్కడ పట్టుకొచ్చారో ఏమో!"

ఎక్కడి నుంచి పట్టుకెళ్లారో నాకు తెలుసు. తల వంచుకునే ఒప్పుకున్నాను. ఆవిడ తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. తిట్టలేదు. "అయితే ఆ మాట ఆయన తలకి ఎక్కించినవాళ్లే దించాలి" అని మియాపూర్‌లో వాళ్ల ఇంటి గుర్తులు చెప్పి, బట్టలు షాపులోనే వదిలి వెళ్లిపోయారు.

ఆదివారం పొద్దున్నే స్కూటర్ తీశాను. ఖాదర్ భాయ్ వెనక ఎక్కి కూర్చున్నాడు.

"నువ్వెందుకు భాయ్?"

"మాట నీది, నవ్వు నాది. జర ముందుకు జరుగు మాస్టర్."

పూర్ణచంద్రరావు గారు లుంగీ, బనీనుతో తలుపు తీశారు. మమ్మల్ని చూసి ఇబ్బంది పడ్డారు. అయినా కూర్చోమని మంచినీళ్లు ఇచ్చారు. "తప్పయింది సార్, మల్లా కొలుస్త, ఇయ్యాల్నే కుట్టిస్త" అన్నాను. "వద్దండీ, ఆ ఇంటర్వ్యూ మానుకున్నాను" అన్నారు. ఎంత బతిమాలినా అదే మాట.

ఇక ఏం చెయ్యాలో తోచలేదు. మెడలోని టేపు తీసి ఆయన చేతిలో పెట్టాను. "సార్, ముందు నన్ను కొలవండి. గట్టిగ చదవండి."

"ఎందుకండీ ఇదంతా?"

వంటింటి గుమ్మంలోంచి విజయలక్ష్మి గారు, "అడుగుతున్నారు కదా, కొలవండి. రాయడానికి నేనున్నాను" అన్నారు.

లెక్కల మాస్టారికి కొలమానం చేతికిస్తే ఊరుకోలేరు. నా ఛాతీ చుట్టూ టేపు వేసి ఆగిపోయారు. వేలితో నొక్కి చూశారు. "లోపల ఏదో దట్టంగా ఉందండీ."

దాచి లాభం లేదు. చొక్కా గుండీలు విప్పాను. లోపల ఒకదాని మీద ఒకటి రెండు బనీన్లు.

"ఈ ఎండల్లో రెండు బనీన్లా!" విజయలక్ష్మి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

నేను పుట్టు బక్కవాణ్ణి. పని నేర్చుకునే రోజుల్లో ఒక కస్టమర్, "నీ ఒంటి మీదే చొక్కా నిలవట్లేదు, నాకేం కుడతావ్?" అన్నాడు. ఆ మర్నాటి నుంచి రెండో బనీను వేసుకుంటున్నాను. ఒక్క మాటకి అన్నేళ్లు ఉడికిపోయినవాణ్ణి, రోజూ పది మందికి అలాంటి మాటలే పంచిపెట్టాను. ఆ సంగతి ఆ ఇంటి హాల్లో నిలబడేదాకా నాకు తట్టలేదు.

ఖాదర్ భాయ్ నోరు తెరిచాడు. "యా అల్లా! గిదా మాస్టర్ నీ పర్సనాలిటీ?"

పూర్ణచంద్రరావు గారు ఒక బనీను విప్పించి మళ్లీ కొలిచారు. క్లాసులో చదివినట్టే ఖంగున చదివారు. "ఛాతీ ముప్పై రెండు! భాయ్, ఈయన పేరు పక్కన ఏం రాయాలి?"

"హ్యాంగర్ సాబ్, హ్యాంగర్!"

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. ఈసారిది మర్యాద నవ్వు కాదు. పొట్ట అదురుతుండగా, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు. తర్వాత టేపు నా చేతికి తిరిగిచ్చి, "కానివ్వండి" అన్నారు.

రోజూ వేసుకునే ప్యాంటు, చొక్కా వేసుకుని రమ్మని, బీరువా అద్దం ముందు నిలబెట్టాను. "బోర్డు మీద పైన రాసేటట్టు చెయ్యెత్తండి సార్." ఎత్తారు. వెంటనే చొక్కా ప్యాంటులోంచి బయటికి వచ్చేసింది. షాపులో మనిషిని కర్రలా నిలబెట్టి కొలిచాను కాబట్టి నాకిది కనబడలేదు. పొట్ట ఉన్న చాలామందిలాగే ఆయన కూడా ప్యాంటు పొట్ట కిందికి కట్టేవారు. అలా కడితే కాళ్లు పొట్టిగా, పొట్ట ఉన్నదానికంటే పెద్దగా కనబడతాయి. చెయ్యి ఎత్తినప్పుడల్లా చొక్కా ఊడి వస్తుంది.

టేపుని బొడ్డు మీదికి జరిపి చూపించాను. "ఇగ ఇక్కడ కట్టాలె సార్." ఆయన ప్యాంటు అక్కడిదాకా లాగి పట్టుకుని అద్దంలో చూసుకున్నారు.

"విజయా, నాకు కాళ్లున్నాయే!"

"ఏడడుగులు వేసింది వాటితోనే కదండీ" అన్నారావిడ.

మొదటి గుడ్డ పాడుచేసింది నేనే కాబట్టి, అదే రంగు కొత్త గుడ్డ నా షాపులోంచి తీశాను. ఆదివారం షట్టర్ సగం దించి ఇద్దరం పనిలో కూర్చున్నాం. ప్యాంటుకి ముందు వైపు రైజ్ పెంచాను, అంటే కాళ్లు కలిసే చోటు నుంచి నడుము దాకా ఉండే ఎత్తు. ప్లీట్ ఒక్కటే, అది కూడా చిన్నది. కాళ్లు కిందికి పోయేకొద్దీ కొంచెం సన్నం చేశాను. చొక్కాకి చుట్టూతా కాకుండా ముందు పలకకి మాత్రమే వెడల్పు ఇచ్చి, వీపు వైపు ఉన్నంతే ఉంచాను. పొట్ట ముందుంటే వదులు వీపుకెందుకు? భుజం కుట్టు సరిగ్గా భుజం మీదే పడేలా చూశాను. ఏదీ దాచలేదు. ఉన్న మనిషికి ఉన్నట్టే కుట్టాను. సాయంత్రం ఆయన వేసుకుని, గోడ మీద గాల్లో ఏదో లెక్క రాసి చూసుకున్నారు. చొక్కా కదలలేదు.

సోమవారం మధ్యాహ్నం ఆయన అవే బట్టలతో నేరుగా షాపుకి వచ్చారు. చేతినిండా సుద్దపొడి. "బోర్డు పై మూల నుంచి మొదలెట్టానండీ. కావాలనే! పాఠం అయ్యేదాకా ఒక్కసారి కూడా చొక్కా సర్దుకోలేదు. జూన్ నుంచి రమ్మన్నారు." ఖాదర్ భాయ్ లేచి ఆయన్ని కావలించుకున్నాడు.

"ఇంకో రెండు జతలు కుట్టండి. కొలతలు ఎంత గట్టిగా చదువుకున్నా సరే, నాకిప్పుడు సిగ్గు లేదు" అన్నారు.

"నాకున్నది సార్" అన్నాను.

పాడుచేసిన మొదటి జత ఆయన వద్దన్నారు. ఆ వారమే ఆ ప్యాంటు కుట్లన్నీ విప్పాను. రెండు కాళ్లు, అన్ని ప్లీట్స్ తెరుచుకునేసరికి చాలా గుడ్డ తేలింది. పక్కన తెల్ల చొక్కా పలకలు కలిపి, అతుకులేసి, షాపు మూలకి ఒక పరదా కుట్టాను. అప్పటి నుంచి కొలతలన్నీ పరదా వెనకే. టేపు పట్టిన చేత్తోనే కలం పట్టి, నోరు మూసుకుని నేనే రాసుకుంటాను. కొంచెం ఆలస్యమవుతుంది. కస్టమర్లు ఏమీ అనుకోవట్లేదు. కుండని మేము మళ్లీ మంచినీళ్లకే వాడుకున్నాం.

ఆ పరదా వెనక మొదట నిలబడింది నేనే. ఒక్క బనీను మీద నన్ను కొలిచి ఖాదర్ భాయ్ ఒక చొక్కా కుట్టాడు. బయట బెంచీ మీద జనం ఉన్నారు. ముప్పై రెండు అన్న అంకె రాసుకున్నాడే గాని, పైకి ఒక్క మాట అనలేదు.