చిన్న పటేలుకు చేతులెత్తిన రోజు

లోకంలో రాజులు ఎందుకు పోరో నాకు బహ్రెయిన్‌లో అర్థమైంది. ఒక శుక్రవారం మధ్యాహ్నం, మా క్యాంపు మెస్సులో, అన్నం తిన్న చేతులు ఆరకముందే ఆ జ్ఞానం కలిగింది. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

నేను అక్కడ ఒక చిన్న కంపెనీలో స్టోర్ కీపర్‌ని. కంపెనీ పని భవనాలకు సిమెంటు గిలాబు చేయడం, రంగులు వేయడం. డబ్బాలు, బ్రష్షులు, తాళ్లు, హెల్మెట్లు నా చేతి మీదుగానే సైటుకు పోయేవి. క్యాంపులో తెలుగువాళ్లందరం ఉత్తర తెలంగాణవాళ్లమే, అందులో సగానికి సగం ఒకే ఊరివాళ్లం. ఒకడు వచ్చి ఇంకొకణ్ణి పిలిపించుకుంటూ అలా చేరాం. ఊళ్లో మాత్రం ఇప్పటికీ మేం దుబాయిలో ఉన్నట్టే చెప్పుకుంటారు.

మాలో పెద్దవాడు కాకా. వరసకు ఎవరికి ఏమైనా, అందరం కాకా అనే పిలిచేవాళ్లం. ఏళ్ల తరబడి పరంజాలు ఎక్కీ ఎక్కీ ఆయన మోకాళ్లు అరిగిపోయాయి. సల్మానియా ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే తీయించి చూసి, ఇంక మెట్లు ఎక్కితే నడక కూడా పోతుందని చెప్పాడు. అదృష్టం కొద్దీ అప్పుడే మా పాత ఫోర్‌మన్ ఉద్యోగం వదిలి శాశ్వతంగా ఇంటికి వెళ్లిపోయాడు. ఆయన పని కాకా చూడసాగాడు. నేల మీద నిలబడి పని పురమాయించడమే కాబట్టి నొప్పులు తగ్గి, రాత్రిళ్లు నిద్రపోతున్నాడు. ఫోర్‌మన్ పదవి ఆయనకు ఖాయమైతే సరే. కాకపోతే మళ్లీ పైకి ఎక్కాలి, లేదా సామాను సర్దుకోవాలి. కింద కూర్చోబెట్టి జీతం ఇచ్చే డ్యూటీ తమ కంపెనీలో లేదని మేనేజరు ముందే చెప్పేశాడు. ఈ సంగతి మెస్సులో తెలియని మనిషి లేడు.

ఆ శుక్రవారం కోడికూర. తింటూ ఉంటే ఎవరో ఫోను గ్లాసుకు ఆనించి పెట్టారు. ఎక్కడో చలిదేశంలో కొత్త రాజుకు కిరీటం పెడుతున్నారు. బంగారు బండి, ఆరేడు గుర్రాలు, దారి పొడుగునా జెండాలూపే జనం. మావాళ్లు విరగబడి నవ్వారు.

"ఈనె డ్యూటీ ఏందిరా? చెయ్యి ఊపుడేనా?"

"గా ఓవర్‌టైం మనకిస్తే పొద్దుమాపు ఊపుదుము."

"పుట్టుడు తప్ప ఈనె చేసిన పనేంది?" అన్నాడు కాకా కూడా, ఎముక పక్కన పెడుతూ.

మేమున్నదీ రాజుగారి దేశమే. ఆ మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. పొట్టకూటికి వచ్చినవాళ్లకు ఏది మాట్లాడాలో ఏది మాట్లాడకూడదో ఎవరూ నేర్పనక్కర్లేదు, పైగా తలుపు తెరిచి ఉంది.

మా వ్యాను నడిపే భాయ్ ఒక్కడే రాజు వైపు నిలబడ్డాడు. ఆయనది హైదరాబాద్ పాతబస్తీ. "గట్ల నవ్వకుండ్రి భాయ్. రాజుంటే ముల్కుకు ఇజ్జత్ ఉంటది. మీరు ఓట్లేసి తెచ్చుకున్నోళ్లు ఏం ఎలగబెట్టిండ్రు? మల్ల ఆళ్ల కొడుకులే గదా నిలవడేది?" అన్నాడు.

ఆ మాటలో నిజం ఉంది కాబట్టి నాకు ఇంకా కోపం వచ్చింది. "నిలవడితే ఓడగొట్టొచ్చు భాయ్. రాజును ఎట్ల ఓడగొడ్తవ్? ఆయన సస్తే కొడుకు కూసుంటడు, మంచోడా చెడ్డోడా అని ఎవ్వడూ అడగడు," అన్నాను. మావాళ్లు బల్లలు చరిచారు. చివరికి భాయే విసిగి, "చలో, రాజు వద్దన్నోళ్లు చెయ్యెత్తుండ్రి," అన్నాడు. ఎంగిలి చేతులన్నీ లేచాయి. ఆ మూల కూర్చుని తింటున్న చిన్న పటేలు కూడా నవ్వుతూ చెయ్యెత్తాడు.

చిన్న పటేలు గురించి చెప్పాలి. పాతికేళ్ల కుర్రవాడు, మా ఊరి పటేలు మనవడు. ఊరి మీద పటేలు పెత్తనం తాతతండ్రుల నుంచి వాళ్లకు వస్తూ ఉండేది. ఆ పదవులను సర్కారు నేను చిన్నవాడిగా ఉన్నప్పుడే రద్దు చేసింది. తర్వాత వాళ్ల పొలాలూ సగం కరిగిపోయాయి. డిగ్రీ తప్పి ఈ పిల్లవాడు మాలాగే లేబరు వీసా మీద వచ్చాడు. క్యాంపుకు ఎవరు కొత్తగా వచ్చినా తలుపు దగ్గర పై మంచం ఇస్తారు. ఇతనికి వచ్చిన రాత్రే ఏసీ పక్కన కింది మంచం ఖాళీ చేసి ఇచ్చారు. తిన్న పళ్లెం తను కడుక్కోబోతే ఎవరో ఒకరు లాక్కుని కడిగేవారు. పాపం అతను సిగ్గుపడి వద్దనేవాడు. వద్దన్న కొద్దీ మావాళ్లకు భక్తి ఎక్కువయ్యేది. ఆ పిల్లవాడి నాయన పక్కనే నిలబడి చూస్తున్నట్టు ఆ తొందర ఏమిటో, నాకు చూడబుద్ధి అయ్యేది కాదు.

ఆ చేతులు దించి కడుక్కుంటున్నామో లేదో మేనేజరు వచ్చాడు. ఫోర్‌మన్ పేరు శనివారానికల్లా ఆఫీసులో చెప్పాలట. తనకు ఎవరైనా ఒకటే, పదిమంది మాట వినే మనిషైతే చాలు, మీలో మీరే తేల్చండి అని హిందీలో చెప్పి గుమ్మంలో నిలబడ్డాడు.

"కాకా," అన్నాను నేను. దీనికి ఆలోచన ఎందుకనుకున్నాను.

అందరూ నీళ్లు నములుతున్నారు. చివరికి మా ఊరివాడే ఒకడు, "చిన్న పటేలు ఉండంగ వేరేటోళ్లు ఎట్ల కూసుంటరు?" అన్నాడు.

చిన్న పటేలు బిత్తరపోయాడు. "నాకొద్దే! నాకు పనే రాదు. కాకా ఉండంగ నేనేంది?" అన్నాడు.

"పని మేం చేస్తం పటేలా. మీరు ఊకె నిలవడుండ్రి."

అతను మళ్లీ వద్దన్నాడు. ఇద్దరు ముగ్గురు కలిసి అతని భుజాలు పట్టుకుని కూర్చోబెట్టారు. గద్దె దిగుతానని మొత్తుకునే రాజును ప్రజలే పట్టి కూర్చోబెట్టడం నేను కళ్లారా చూశాను. మేనేజరు టైము చూసుకుని, యల్లా, కానివ్వండి, చేతులెత్తండి అన్నాడు. అందరికంటే ముందు ఒక చెయ్యి లేచింది. అది కాకాది. ఆ వెనకే మిగతావన్నీ లేచాయి.

"అరె, గిప్పుడే గదా భాయ్ రాజు వద్దని ఎత్తింది?" అన్నాడు డ్రైవర్ భాయ్. ఒక్కరూ నవ్వలేదు. నాకైతే అరికాలి మంట నెత్తికెక్కింది. సముద్రాల అవతలి రాజును దించడానికి ఎంత పౌరుషమో! ఆయన మనల్ని చూడడు, మన ఊరు ఎక్కడుందో ఆయనకు తెలియదు, కాబట్టి ఎంతైనా దించవచ్చు. పక్క మంచం మీద ఉన్నవాణ్ణి, అదీ తనంతట తాను దిగిపోతానంటున్నవాణ్ణి, దిగనిస్తే మాత్రం మా నెత్తిన ఆకాశం విరిగిపడుతుంది. మా ఊరి పటేలు పెత్తనాన్ని సర్కారు రద్దు చేసినప్పుడు మా ఇళ్లలో పిల్లా పెద్దా అందరం ఇంక మనమూ మనుషులమే అనుకున్నాం. ఎవరిని మోసం చేసుకున్నట్టు?

కాకా నల్లా దగ్గర దొరికాడు. దులిపేశాను.

"మోకాళ్లు పోతయని తెల్సు, నువ్వే ముందుగాల చెయ్యెత్తుతవా?"

ఆయన చేతులు కడుక్కుంటూనే ఉన్నాడు. "మా నాయిన ఆళ్ల ఇంటి బట్టలు పిండిండు. మా తమ్ముడు ఇయ్యాల్టికి ఆళ్ల పొలమే కౌలు చేస్తుండు. పటేలు మనుమడు నా చేతికింద పని చేసిండని ఊర్ల ఎరుకైతే తమ్ముడు ఏ మొఖంతోని ఆళ్ల ఇంటికి పోతడు?"

"గాళ్లు ఏమన్నరని? గా పిలగాడే నువ్వుండాలె అన్నడు గదా?"

"అంటే అన్నడు." నల్లా కట్టేసి మళ్లీ అన్నాడు. "గా పిలగాన్ని పట్టుకొని 'గిది చెయ్, గది తే' అని నా నోటికి ఎట్లొస్తది బిడ్డా? రాదు. మస్తు సార్లు లోపల్లోపల అనుకొని చూసిన. రాలె."

నా కోపం మాత్రం అలాగే ఉంది. కాకా మీద కూడా ఉంది, దాచుకోను. మర్నాడు ఆఫీసుకు వెళ్లి మేనేజరుకు కాకా మోకాళ్ల సంగతి మళ్లీ చెప్పాను. ఆయన కంప్యూటరులోంచి తల ఎత్తకుండా, "హాథ్ తుమ్హారే ఆద్మీ నే ఉఠాయా, మైనే నహీఁ. ఖలాస్," అన్నాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. రాజరికాలు ఉండాలా పోవాలా అని ఏ దేశంలో ఎవరు వాదించుకుంటున్నా ఇప్పుడు నాకు ఆ మాటే గుర్తొస్తుంది. చెయ్యి ఎత్తింది మనవాళ్లే.

కర్జకాన్‌లో అప్పుడు నడుస్తున్న సైటు పని అయిపోయాక అందరినీ సఖీర్ సైటుకు మార్చారు. ఒకనాడు తాళ్లు తక్కువయ్యాయని ఫోన్ వస్తే భాయ్ వ్యానులో నేనే తీసుకెళ్లాను. ఎండ నిప్పులు చెరుగుతోంది. కాకా పరంజా మీద సగం ఎత్తులో ఉన్నాడు. ప్రతి మెట్టు దగ్గరా ఒక చేత్తో గొట్టం పట్టుకుని, రెండో చేత్తో తన మోకాలిని తానే లేపి పై మెట్టు మీద పెట్టుకుంటున్నాడు. ఇంకెవరిదో కాలును మోస్తున్నట్టుంది. మిగతావాళ్లు గోడ వైపు తిరిగి రంగు వేస్తున్నారు.

కింద చిన్న పటేలు ఫోర్‌మన్ల తెల్ల హెల్మెట్ పెట్టుకుని, ముఖం కందిపోయి నిలబడ్డాడు. "కాకా, దిగే! నీకు దండం పెడ్త, దిగు! నేనెక్కుత!" అని అరుస్తున్నాడు. పరంజా గొట్టం మీద చెయ్యి కూడా వేశాడు.

కాకా పైనుంచి తొంగి చూశాడు. జన్మలో మొదటిసారి పటేలు ఇంటివాణ్ణి గట్టిగా గదమాయించాడు.

"ఎండల నిలవడకుండ్రి పటేలా! నీడకు పోండ్రి! నడువుండ్రి!"

చిన్న పటేలు చెయ్యి తీసేసి, తల వంచుకుని నీడలోకి నడిచాడు.