అగ్రపీఠాలు, అప్‌లోడ్ వేగాలు

2008లో నేను ఏలూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో బ్రాడ్‌బ్యాండ్ చూసే సబ్ డివిజనల్ ఇంజనీరుని. ఆ ఏడు మా సంఘాల కమిటీ ఏలూరులో జరిగే గురుపట్టాభిషేక ఆరాధనను మిగతా ఊళ్ళ చర్చిలకు అప్పటికప్పుడు వీడియోలో చూపించాలని తీర్మానించి, విశ్వాసిని గనక ఆ పని నాకు అప్పగించింది.

పట్టా పొందేవారిలో ఏలీయా ఒకడు. కొల్లేటి లంకలోని అతని ఊరికి అతనే మొదటి గురువు, పాస్టరన్నమాట. తల్లి మరియమ్మ గారు మోకాళ్ళు పట్టేసి పడవ గానీ బస్సు గానీ ఎక్కలేరు. కొడుకు తల మీద బిషప్ గారు చేతులుంచడం ఆమె లంక చర్చిలో తెర మీదే చూడాలి.

అప్పటి లైన్లలో దించుకునే వేగం ఎక్కువ, పైకి పంపే వేగం తక్కువ. ఏలూరు నుంచి రెండు చోట్లకే బొమ్మ పంపగలం. ఆ రెండు చర్చిలు తాము చూస్తూ కిందివాళ్ళకు పంపాలి, వాళ్ళు తమ కిందివాళ్ళకు. అంచేత బాగా పంపగలిగినవాళ్ళే పైన ఉండాలి. భీమడోలు రేకుల చర్చి ఎక్స్ఛేంజ్ పక్కనే ఉంది, దాని లైను అన్నిటికన్నా మెరుగు. దాన్ని పైన పెట్టాను.

కమిటీ చైర్మన్ గారు నా పటం చూసి ముఖం చిట్లించారు. "తాడేపల్లిగూడెంలో మన సంఘం దొరల కాలం నాటిదండీ. వాళ్ళు భీమడోలు దగ్గర తీసుకోవడమేంటండీ?" అగ్రపీఠాలు కోరేవారిని ప్రభువు ఎలా గద్దించాడో ఏటా ప్రసంగించే మనిషి, నెట్‌వర్కుని వేదిక మీద కుర్చీల్లా వేయించారు. రెండు పెద్ద సంఘాలు పైకెక్కాయి. భీమడోలు కిందికి దిగింది. లంక చర్చి తాడేపల్లిగూడెం కింద పడింది.

ప్రసంగం అవుతుండగా మరియమ్మ గారి ఫోను. "బాబూ, బొమ్మ ఆగిపోయిందండీ. మా వాణ్ణి పిలిచేశారాండీ?"

చూస్తే గూడెం నుంచి కిందికి ఏమీ పోవడం లేదు. ఆమె ఫోను కట్ చేయకుండానే అక్కడి కార్యదర్శికి ఇంకో ఫోన్లో చేశాను. "మాకు బ్రహ్మాండంగా వస్తోందండీ! పంపడం నేనే ఆపేశాను. మనది మనకి శుభ్రంగా రావాలి కదండీ!" పుచ్చుకోవడంలో వాళ్ళ భక్తికి లోటు లేదు.

ఎవరు ఎవరి దగ్గర తీసుకోవాలో నిర్ణయించే కంప్యూటరు నా ముందే ఉంది. భీమడోలుని ఏలూరు కిందికి, లంకని భీమడోలు కిందికి మార్చాను. గూడేన్ని లంక కింద తగిలించాను.

చైర్మన్ గారు వేదిక దిగొచ్చారు. "లంక కిందా? వాళ్ళేమనుకుంటారండీ?"

"ఇవ్వనివాడికి చివరే చోటండీ" అన్నాను.

అంతలో బిషప్ గారు ఏలీయా తల మీద చేతులుంచేశారు. మేం కీర్తనకి లేచి నిలబడ్డాం. ఒక్కో చర్చి దాటుతూ బొమ్మ కాస్త ఆలస్యంగా వెళ్తుంది. ఆ ఆలస్యమే కాపాడింది. కీర్తన మొదటి చరణంలో ఉండగా, కట్ చేయని ఫోన్లోంచి లంక చర్చి కేక వినబడింది. "అదిగో, మా ఏలీయా! చేతులుంచారు!"

ఆరాధనయ్యాక కార్యదర్శి ఫోన్ చేసి, లంకవాళ్ళు చూశాకే తమకు కనబడిందని ఫిర్యాదు చేశాడు. లంకవాళ్ళు పంపడం ఆపలేదు గనక అదైనా కనబడింది.

ఆ తర్వాత ఇలాంటి అమరిక ఎక్కడ చేసినా ఏ సంఘం ఎంత పాతదని అడగలేదు. పైకి పంపే వేగం కొలిచాను. పంపడం ఆపే మీట వాళ్ళ చేతికి ఇవ్వలేదు.