లక్ష్మప్ప ఆపుకున్న దగ్గు

ఆదోని పశువుల ఆసుపత్రిలో అటెండరు లక్ష్మప్పను ఒకచోట కూర్చోబెట్టగలిగిన మనిషి ఇంకా పుట్టలేదు. యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా కాలు కాలిన పిల్లే. డాక్టరు గేదెకు సూది వేసేలోపు ఆయన రెండు మేకల నోళ్ళు తెరిచి చూసి, గేటు దాకా పోయి, ఎవరితోనో నాలుగు మాటలాడి తిరిగి వస్తాడు. కాళ్ళదేముంది లెండి, అసలు గోల నాలుకది. ఆయన నోట్లో నువ్వుగింజ నానదని భార్య మద్దమ్మ పెళ్ళైన మూడో రోజే కనిపెట్టింది.

దానికి తగ్గట్టు ఊళ్ళో ఒక ఆచారం ఉంది. పత్తి మార్కెట్ యార్డు ఎదుట ఉన్న టీ కొట్టులో, పొద్దున ఎవరు మొదట కొత్త కబురు మోసుకొస్తే వాళ్ళ టీకి డబ్బులు తీసుకోరు. పత్తి ధర కావచ్చు, ఆస్పరి వైపు పడిన వాన కావచ్చు. పత్తివాళ్ళ బతుకంతా కబుర్ల మీదే నడుస్తుంది కాబట్టి ఎవరూ తప్పు పట్టరు. లక్ష్మప్ప అక్కడ డబ్బులిచ్చి తాగిన టీలు తక్కువ.

కిందటేడు ఆయన నాలుకకు మంచి మేత దొరికింది. మాధవరం అయ్యవారి కూతురు ప్రార్థన పశువైద్యం చదివి, కుక్కల్లో ఉండే కరోనా వైరసులు ఎలా పుడతాయో, ఎలా మారుతున్నాయో పరిశోధిస్తూ వచ్చింది. ఆ పిల్లకు కావలసిందల్లా ఆదోని, ఎమ్మిగనూరు కుక్కల మలం. దాన్ని చిన్న చిన్న గొట్టాల్లోకి ఎత్తి, ఐసు డబ్బాలో పెట్టి, మోపెడ్‌కు కట్టుకుని లక్ష్మప్ప తిరిగాడు. ఇంత ఘనమైన సరుకు సర్వీసులో ఎన్నడూ మోయలేదని అందరికీ చెప్పుకున్నాడు.

ఆ చలికాలంలోనే యార్డు వెనక గింజలు వేరుచేసే ఒక జిన్నింగు మిల్లులో, పత్తి కుప్ప వారన, మచ్చి అనే కుక్క ఆరు పిల్లల్ని పెట్టింది. మిల్లులో దూది ఊడ్చే తిమ్మక్క దాన్ని కళ్ళు తెరవని నాటి నుంచి సాకింది. నెలన్నర తిరిగేసరికి పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకుని నాలుగు పోయాయి. మిగిలిన రెండింటికి లక్ష్మప్ప సెలైన్ ఎక్కించి నిలబెట్టాడు, నమూనా కూడా తీసి పంపాడు. కొన్నాళ్ళకు ప్రార్థన ఫోన్ చేసింది.

"లక్ష్మప్పన్నా, అది కుక్కల కరోనానే. ఒక్క ముక్క మాత్రం పందుల వైరసును పోలి ఉంది. ఇంకోసారి సరిచూడాలి. అంతవరకు ఎవరికీ చెప్పొద్దు."

ఎవరికీ చెప్పొద్దన్న మాట లక్ష్మప్ప చెవికి ఎప్పుడూ సగమే ఎక్కుతుంది. మరునాడు పొద్దున టీ కొట్టులో అడుగు పెడుతూనే, "మిల్లు కుక్కలకు కరోనా వచ్చిండాది, తెల్సునా?" అన్నాడు. కొట్టు కొట్టంతా తల తిప్పింది. టీ వచ్చింది, ఊదుకుంటూ తాగాడు. ఇది కుక్కల జబ్బు, ఆ పాత కరోనా కాదు అనే రెండో ముక్క నోటి చివరే ఉంది. ఇంతలో ఎమ్మిగనూరు బస్సు గుర్తొచ్చి లేచి పరుగెత్తాడు. ఆ రెండో ముక్క ఆయనతోపాటే బస్సెక్కింది.

ఐసు డబ్బా ఒళ్ళో పెట్టుకుని సగం దారి పోయాడో లేదో, పక్క సీటు రైతు తువ్వాలు మూతికి చుట్టుకుంటూ, "ఆదోని నుంచేనా అన్నా? ఆడ మిల్లులో కుక్కల నుంచి కరోనా మనుషులకు దిగిందంట. ఇద్దరు హమాలీలు ఆస్పత్రిలో ఉండారంట" అన్నాడు.

"ఎవరు సెప్పినారు?"

"పశువుల ఆస్పత్రి ఆయప్పే సెప్పినాడంట. టెస్టు సేసినోడే."

లక్ష్మప్ప మనసులో లెక్క చూసుకున్నాడు. ఇద్దరు హమాలీలు ఆస్పత్రిలో ఉన్నమాట నిజమే, కానీ వాళ్ళకు పోయిన వారమే కామెర్లు వచ్చాయి. తన నోటి నుంచి రాలిన ముక్కకు ఆ కామెర్ల ముక్క ఏ మలుపులో వచ్చి అంటుకుందో! ఆయన కంటే ముందే ఆ మాట బస్సెక్కింది. ఆయన లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. కండక్టరు కసిరాడు. అప్పుడే ఫోన్ మోగింది, తిమ్మక్క.

"అన్నా, హమాలీలు మూట ముట్టేది లేదంటాండారు. పొద్దుగూకే లోపల కుక్కలకు మందు పెట్టిస్తానంటాండాడు గుమాస్తా భీమరావు సామి. మచ్చి నా కాళ్ళ కాడే పండుకొనుండాది. నువ్వు సెప్పిన మాటే గదా ఇది. నువ్వే వచ్చి తీసెయ్యి."

ఎమ్మిగనూరులో ప్రార్థన నమూనాల కోసం వచ్చి ఒక మగ్గం ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. లక్ష్మప్ప జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పి, "మనుషులకు రాదని ఒక కాగితం రాసియ్యమ్మా. మూడు పానాలు పోతాయి" అన్నాడు.

ఆ పిల్ల కోపంగా తల తిప్పి ఇంట్లోకి చూసింది. లోపల ఒక పెద్దామె మగ్గం మీద అయిపోవచ్చిన పాత పడుగు పోగుల చివరలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే పురి పెట్టి అతుకుతోంది.

"అది చూడన్నా," అంది. "రెండు రకాల వైరసులు ఒకే కుక్క కడుపులో, ఒకే కణంలో పడినాయనుకో. నకలు తయారయ్యేటప్పుడు ఒకదాని పోగుకు ఇంకోదాని పోగు అట్లనే అతుక్కుంటుంది. కొత్తది పుడుతుంది. మన మిల్లు పిల్లల్లో దొరికింది అట్లాంటిదే. చాలావరకు కుక్కల్లోనే ఉండిపోతుంది. బయటి దేశాల్లో ఏ కొద్దిమందిలోనో ఇలాంటిది కనబడింది. మనిషి నుంచి మనిషికి పాకినట్టు మాత్రం తేలలేదు. ఆ కరోనాకూ దీనికీ ఇంటిపేరు ఒకటే, అంతే."

"ఇంటిపేరు ఒకటైతే సుట్టాలే గదమ్మా?"

"దూరపు చుట్టాలు. కానీ ఎన్నటికీ రాదని రాయమంటే నా చెయ్యి రాదు. ఈ రోజు అబద్ధం రాస్తే, రేపు నిజంగా ప్రమాదం వస్తే మన మాట ఎవరు వింటారు?"

దేనితో కడగాలో, చేతులు ఎలా కాపాడుకోవాలో మాత్రం ఒక కాగితం మీద రాసిచ్చింది. లక్ష్మప్ప అది జేబులో పెట్టుకుని తిరుగు బస్సెక్కాడు. ఛీ, ఎంత పని చేశాను అని దారంతా తనను తానే తిట్టుకున్నాడు.

మిల్లు గేటు బయట హమాలీలు ముక్కులకు తువ్వాళ్ళు కట్టుకుని కూర్చున్నారు. తిమ్మక్క కుక్కల్ని తన రేకుల గదిలో వేసి తలుపుకు వీపు ఆనించింది. భీమరావు చేతిలో విషం పొట్లం ఉంది.

"వస్తుందా రాదా? ఒక్క మాటలో చెప్పు లక్ష్మప్పా," అన్నాడు భీమరావు.

రాదు అనేస్తే అయిపోతుంది. ఆ మాట నాలుక మీదకు వచ్చింది కూడా. లక్ష్మప్ప దాన్ని మింగాడు.

"రాదని ఒట్టు పెట్టలేను సామీ. వచ్చేది మాత్రం శానా శానా అరుదు. ఆస్పత్రిలో ఉండేటోళ్ళకు కామెర్లు, దానికీ కుక్కలకూ సంబంధం లేదు. పొద్దున సగం సెప్పి లేచి పోయింది నేనే. తప్పు నాది."

హమాలీల మేస్త్రి బసన్న తువ్వాలు కొంచెం కిందికి లాగాడు. "అంత అరుదైతే నీ ఇంట్లోనే కట్టేసుకో. పదైదు దినాలు. నీకు గాని, మీ ఇంటామెకు గాని దగ్గొచ్చినా, జరమొచ్చినా, ఆ పొద్దే మందు పెడతాం."

"సరే," అన్నాడు లక్ష్మప్ప. అన్నాక గాని మద్దమ్మ గుర్తు రాలేదు. ఆమె అన్న రెండో విడత కరోనాలో పోయాడు. కడసారి ముఖం కూడా చూడనివ్వలేదు.

మోపెడ్ మీద గంపలో తల్లిని, పిల్లల్ని పెట్టుకుని వచ్చేసరికి మద్దమ్మ గడపలోనే నిలబడింది. కబురు ముందే చేరింది.

"నాకొస్తాదా?"

"రాదని సెప్పలేను మద్దీ. రాకుండా సూసుకోవచ్చు."

ఆమె గంపలోకి చూసింది. మచ్చి తోక మెల్లగా ఆడించింది. "మా అన్నకు జరమొచ్చినప్పుడు అందరూ ఏం గాదనే సెప్పినారు. తెలీదని ఒక్కరూ అనలే," అంది మద్దమ్మ. కళ్ళు తుడుచుకుని, "పెరట్లో కట్టెయ్. బ్లీచింగు పొడి తెచ్చినావా లేదా?" అని అడిగింది.

ఆ మరునాటి నుంచి లక్ష్మప్ప బతుకు చూడాలి. ఆదోనిలో పత్తి రోజుల్లో దగ్గని మనిషి ఉంటాడా? గాలి నిండా దూది నూగే. టీ కొట్టుకు పోకపోతే మంచాన పడ్డాడంటారు, పోతే గొంతు గిలిగింత. అందుకని బుగ్గలో లవంగం పెట్టుకుని రోజూ పోయాడు. కొట్టువాడు ఆయనకు గాజు గ్లాసు మానేసి పేపరు కప్పులో పోశాడు. బెంచీలో ఆయన పక్క చోటు ఖాళీగానే ఉండేది. నాలుగు మాటలు చెబుదామని నోరు తెరిస్తే దగ్గు వస్తుందేమోనని భయం. నోరు మూసుకుని, కదలకుండా, బుద్ధిగా కూర్చున్నాడు. కామెర్ల నిజం చెప్పినా ఎవరూ టీ ఇప్పించలేదు, ఆ కబురు ఎవరూ ఎక్కడికీ మోసుకుపోలేదు. ఇంటికి పోతూనే చేతికి తొడుగు వేసుకుని పెరడు కడిగి, పిల్లల కళ్ళు చూసి, మద్దమ్మ నుదురు తాకి చూసేవాడు. ఆమె విసుక్కునేది.

పద్నాలుగో రోజు పొద్దున టీ కొట్టు ముందు నుంచి పత్తి లారీ ఒకటి పోయింది. పైన కప్పిన పట్టా ఊడింది. నూగు గుప్పున లేచి కొట్టులో పడింది. లక్ష్మప్ప లవంగం కొరికాడు, ఊపిరి బిగబట్టాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక ఆగలేదు. ఒకటి, రెండు, ఆరు దగ్గులు, పొట్ట పట్టుకుని దగ్గాడు.

పక్క బెంచీవాళ్ళు గ్లాసులు పట్టుకుని దూరం జరిగారు. బసన్న లేచి వచ్చాడు. లక్ష్మప్పకు పెరట్లో ఒకదాని మీద ఒకటి పడి ఆడుకునే రెండు పిల్లలు కళ్ళముందు కదిలాయి. పద్నాలుగు దినాలు ఆపుకున్నానే, ఒక్క పొద్దు ఆపుకోలేకపోతినే అని ఏడుపొచ్చింది. తల వంచుకున్నాడు.

బసన్న వంగి, ఆయన మీసంలో చిక్కుకున్న దూది పోగును రెండు వేళ్ళతో తీసి, అందరికీ కనబడేట్టు పైకెత్తాడు.

"దూది," అన్నాడు.

ఆ తర్వాత ఖాళీగా ఉన్న చోట్లో కూర్చుని, తనూ రెండుసార్లు దగ్గి, "ఆయప్పకు గ్లాసులో పొయ్యి," అని కొట్టువాడికి చెప్పాడు. "ఏమప్పా, ఈపొద్దు కబురేం లేదా?"

"ఏం లేదు బసన్నా," అన్నాడు లక్ష్మప్ప. టీ అడుగంటేదాకా కూర్చుని తాగి, డబ్బులిచ్చి లేచాడు.