దీవి నుంచి రావాల్సిన పిట్ట

ఒక్కో దీవికి ఒక్కో రకం పిట్టలుంటాయని కొడుకు ఫోనులో బొమ్మలు చూపిస్తుంటే, బీడీలు చుట్టే నా చెయ్యి ఆగింది.

నా చిన్నప్పుడు బాపు బహ్రెయిన్ దీవిలో పోయాడు. శవం మా ఊరు ఎల్లారెడ్డికి రాలేదు. మూడోనాడు పెరట్లో పిట్టకు అన్నం పెట్టారు. పోయినవాళ్లే పిట్టై వచ్చి తింటారట. కాకులు గోడ దిగలేదు.

“ఇవి మన ఊరి కాకులమ్మా. బాపు ఆ దీవి పిట్టయి వస్తడు. దూరం గద,” అన్నాను.

అమ్మ కసరలేదు. “అది ఎట్లుంటదే? నువ్వు గుర్తువడతవా?” అని మెల్లగా అడిగింది.

పొద్దుగూకే ముందు ఒక కాకి ముట్టింది. అందరూ స్నానాలకు లేచారు. అమ్మ లేవలేదు.

నాకు పెండ్లయ్యేదాకా, పెరట్లో కొత్త రకం పిట్ట వాలితే చాలు, అమ్మ నా మొహంలోకి చూసేది. కాదని తల ఊపేదాన్ని. నేను కాదన్నప్పుడల్లా, బాపు ఇంకా రావాల్సే ఉన్నాడని ఆమెకు ఊరటగా ఉండేదని ఇప్పుడు తెలుస్తోంది.