ఏ గుడికి లైట్లు

ఏ గోడ దగ్గరికి వెళ్లినా యేసుబాబు ముందు చేయి తిరగేసి, వేళ్ల వెనకవైపుతో దాన్ని తాకుతాడు. కరెంటు ఉంటే చేయి దానంతటదే వెనక్కి వస్తుంది. అరచేత్తో పట్టుకుంటే వదలదు. పని నేర్పిన మేస్త్రీ చెప్పిన మాట ఇది. ఇప్పుడు పనికీ ఇంటికీ తేడా లేని అలవాటయింది. టీ గ్లాసును అలాగే తాకుతాడు. నిద్రపోతున్న కూతురు బ్లెస్సీ నుదుటిని అలాగే తాకుతాడు. కొత్త చొక్కా తొడుక్కునే ముందు దాన్నీ ఒకసారి తాకి చూస్తాడు.

అతనిది లైటింగు పని. గవర్నర్‌పేటలో ఉమామహేశ్ గారి షాపులో పెళ్లి కాకముందు చేరాడు, ఇప్పటికీ అక్కడే. చవితి పందిళ్లు, దసరా, పెళ్లిళ్లు. డిసెంబరులో చర్చిలు. డిసెంబరు సగం గడిచేసరికి ఊరు లైటింగు చూడటానికి బయల్దేరుతుంది. బండి మీద ముందు ఒక పిల్ల, వెనక భార్య, ఆమె ఒళ్లో ఇంకో పిల్ల. పెద్ద చర్చిల ముందు ఆగి ఫోన్లు పైకెత్తుతారు. మొహాల మీద ఎరుపూ పచ్చా మారుతూ ఉంటాయి. వాళ్లలో చాలామంది చర్చి లోపలికి ఎన్నడూ వెళ్లనివాళ్లు. అభిప్రాయాలు మాత్రం అందరికీ ఉంటాయి. నిచ్చెన మీదున్న యేసుబాబుకు అవి కింద నుంచి వినబడుతుంటాయి.

“పోయినేడే బాగుందండీ. ఈసారి నీలం మరీ ఎక్కువైంది.”

“మన దసరాకి కూడా ఇంత కట్టలేదు.”

“కట్టారు. అప్పుడు నువ్వు మీ పుట్టింట్లో ఉన్నావు.”

“ఇంత కరెంటు ఎవడబ్బ సొమ్మండీ?”

“చూసింది చాలు పదండి. పునుగులు అయిపోతాయి.”

అతను కోపం తెచ్చుకోడు. ఏమన్నా, చూడటానికి వచ్చారు.

ఇన్ని చర్చిలకు కట్టినవాడు తన గుడికి ఒక్కసారీ కట్టలేదు. వన్ టౌన్‌లో కొండ వారగా, బట్టల గోడౌన్ల వెనక సందులో అతని ఇల్లు. సందు చివర చిన్న ఆర్.సి.ఎం. గుడి, అంటే కేథలిక్ చర్చి. పండక్కి గంట స్తంభం మీద ఒక స్టారు, తలుపు చుట్టూ రెండు సీరియల్ సెట్లు. అంతకు మించి ఎవరూ అడగలేదు, అడిగే స్తోమతా లేదు. దాని పక్కనే వేణుగోపాలస్వామి గుడి. రెండింటికీ నడుమ ఒక గోడ, ఆ గోడకు ఆనించి సీతారావమ్మ పూల బల్ల.

గవర్నర్‌పేటలో గుడి అంటే గుడి, చర్చి అంటే చర్చి. యేసుబాబు సందులో క్రైస్తవులు చర్చి అనరు, గుడి అంటారు. ప్రార్థన అనరు, పూజ అంటారు. “పొద్దున్నే గుడికెళ్లి పూజ చూసుకొచ్చాను” అంటుంది అతని మేనత్త శౌరమ్మ. పూలమ్మే సీతారావమ్మా అదే మాట అంటుంది. ఎవరు ఏ గుమ్మం నుంచి వచ్చారో సందులో అందరికీ తెలుసు కాబట్టి ఎప్పుడూ చిక్కు రాలేదు. షాపులో ఉన్నంతసేపూ యేసుబాబుది ఒక భాష. సందులోకి తిరిగాక ఇంకొకటి.

ఆ ఏడు ముక్కోటి ఏకాదశికీ క్రిస్మస్‌కూ నడుమ ఒక్క రోజే ఎడం. ముక్కోటికి ముందు రోజు పొద్దున ఉమామహేశ్ గారు ఫోను చెవికి ఆనించుకునే ఉండి, రెండో చేత్తో యేసుబాబును పిలిచారు.

“మీ సందులో గుడికంట. ఆ మిగిలిన పెద్ద సెట్టు పట్టుకెళ్లు. రేపటి పూజకి వెలగాలి.”

“మా గుడికా అండీ?”

“ఆ, మీ గుడికే. వెళ్లు వెళ్లు.”

ఆర్డరు ఎవరు ఇచ్చారని యేసుబాబు అడగలేదు. ఫాదర్ గారు పండగ ముందు పాపసంకీర్తనలు, అంటే జనం ఒప్పుకునే పాపాలు, వినడానికి పల్లెలకు వెళ్లి ఉన్నారు. వెళ్లేముందు ఆయనే చెప్పి ఉంటారనుకున్నాడు. ముక్కోటి సంగతి అతనికి తెలుసు. తెలిసి కూడా ఆ రోజు ఆ మాటను షాపు భాషలో వినలేదు, సందు భాషలో విన్నాడు.

పగలంతా కట్టాడు. గంట స్తంభం చుట్టూ పై నుంచి కిందికి జారే తెల్ల తీగలు. ముందు గోడ మీద పచ్చవి, దగ్గర దగ్గరగా. ఎక్కడా కింద తీగ కనబడకుండా, ఎక్కడా బల్బు తల వంచకుండా. పెద్ద చర్చిలకు కట్టేటప్పుడు పైన కొంత చూసీ చూడనట్టు వదిలేస్తాడు, అంత ఎత్తులో ఎవరూ చూడరు. ఇక్కడ వదల్లేదు.

చీకటి పడుతుండగా స్విచ్చి వేశాడు. ఇళ్లలో నుంచి జనం బయటికి వచ్చారు. గుడి ఊడ్చి, కొవ్వొత్తులు వెలిగించే శౌరమ్మ చీపురు చేత్తో పట్టుకునే నిలబడిపోయింది. తను రోజూ ఊడ్చే గుడేనా అన్నట్టు చూసింది.

“ఎవరిచ్చార్రా ఇది?” అంది.

“ఫాదర్ గారనుకుంటా. ఉండు, అడుగుతాను.”

చేతులకు మసి ఉంది. ఫోను స్పీకర్లో పెట్టి గట్టు మీద ఉంచాడు.

“ఉమామహేశ్ గారూ, మా గుడి ఆర్డరు ఎవరిదండీ?”

“వెంకటప్పయ్య గారిదయ్యా, బట్టల కొట్టాయన. పొద్దున మూడింటికల్లా జనం వస్తారంట, చూసుకో మరి.”

తెల్లవారుజామున మూడింటికి జనం వచ్చేది ఉత్తర ద్వార దర్శనానికి. వెంకటప్పయ్య గారు వేణుగోపాలస్వామి గుడి పెద్ద. యేసుబాబు గోడ అవతలికి చూశాడు. గోపురం మీద ఒక్క బల్బు వెలుగుతోంది.

క్రిస్మస్ ముందు ఊళ్లో ఏ షాపులోనూ ఇంకో సెట్టు మిగలదు. కట్టిన చేత్తోనే, ఇంతమంది చూస్తుండగా, తన గుడి మీద నుంచి ఇదంతా విప్పాలి. ఆ మాట అత్తకు ఎలా చెప్పాలా అని తిరిగేసరికి అక్కడ అత్త లేదు. ఆమెకు వినబడింది పేరొక్కటే. స్నేహితురాలు అమలమ్మను వెంటేసుకుని, పండక్కి వండిన గులాబీ పువ్వులు డబ్బాలో పోసుకుని, సందు మలుపు తిరుగుతోంది.

యేసుబాబు బట్టల కొట్టు చేరేటప్పటికి వాళ్లు లోపల ఉన్నారు. వెంకటప్పయ్య గారు పరుపు మీద కూర్చుని, ఎదుట డబ్బాలో ఉన్న పూలలాంటి పిండివంటను, అది దేనికో తెలియక చూస్తున్నారు.

“మా గుడికి లైట్లు కట్టించారంటగా బాబుగారూ,” అంది శౌరమ్మ. “నేను చిన్నప్పట్నుంచీ ఊడుస్తున్నా ఆ గుడిని. ఇట్టా ఎప్పుడూ చూడలా. మా ఫాదర్ గారు ఊళ్లో లేరు. ఆయన బదులు నేనొచ్చాను చెప్పడానికి.”

వెంకటప్పయ్య గారు కళ్లజోడు తీశారు. తుడిచారు. పెట్టుకున్నారు. గుమ్మంలో రొప్పుతూ నిలబడ్డ యేసుబాబును చూశారు. ఆయనకు బేరం చేయడం వచ్చు, అప్పు లేదనడం వచ్చు. గడప తొక్కిన మనిషి మొహం మీద కాదనడం ఒక్కటే రాదు. సందంతా ఎరిగిన మొహమాటం అది.

“దాందేముందమ్మా,” అన్నారు.

శౌరమ్మ చేతులు జోడించింది. వెళుతూ వెళుతూ అమలమ్మ, “కరకర్లాడేటప్పుడే తినండి బాబుగారూ, మెత్తబడితే బాగోవు” అని చెప్పి వెళ్లింది.

వాళ్లు మలుపు తిరిగాక ఆయన యేసుబాబును లోపలికి పిలిచారు.

“ఏ గుడికి కట్టావయ్యా?”

“మా గుడికండీ.”

“నేను చెప్పింది మన గుడికి.”

“ఉమామహేశ్ గారు మీ గుడికి అన్నారండీ నాతో. నాకు గుడంటే అదేనండీ. పొరపాటు నాదే. ఇప్పుడే విప్పుకొచ్చి కడతాను.”

“విప్పి? ఆవిడకేం చెబుతావు?”

“ఉన్నదే చెబుతానండీ.”

“నువ్వు చెబుతావు. మరి నేను దాందేముందమ్మా అన్నానే. ఆ మాట ఎక్కడ పెట్టుకోను?”

ఆయన ఒక గులాబీ పువ్వు తీసి కొరికారు. నమిలారు. ఇంకోటి తీసుకున్నారు.

“విప్పకు. జనవరి ఒకటి దాకా ఉండనీ. తర్వాత మాకు మార్చు, ధనుర్మాసం భోగి దాకా ఉందిగా.”

“రేపు పొద్దునకో అండీ?”

“అది నువ్వు చూడు. లైట్లు నీ పని, నాది కాదు.”

యేసుబాబు నేరుగా అత్త ఇంటికి వెళ్లి జరిగినదంతా చెప్పాడు. శౌరమ్మ గడప మీద కూర్చుని వింది.

“అయితే ఆయన ఇవ్వలేదా?”

“అప్పుడు ఇవ్వలేదు. నువ్వెళ్లాక ఇచ్చాడు.”

ఆమె కొంచెంసేపు నేల వైపు చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే లేచి, తన చూరుకు కట్టిన సీరియల్ సెట్టు లాగి అతని చేతిలో పెట్టింది. “పద, ఇంటికొకటి అడుగుదాం.”

సందులో పండగ కోసం ప్రతి ఇంటికీ ఒకటో రెండో తీగలు కట్టి ఉన్నాయి. అమలమ్మ ఇచ్చింది. అవతలి వరసలో వాళ్లు ఇచ్చారు. రైల్వేలో రిటైరైన అబ్రహాము మాత్రం గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు.

“వాళ్ల పండక్కి మన ఇళ్లు చీకటి చేసుకోవడమేంటి?”

“నీ ఇంట్లో ఎప్పుడు వెలుగుందిలే అన్నయ్యా,” అంది శౌరమ్మ. “ఇయ్యి.”

రెండు సెట్లలో చిన్నది ఇచ్చి, పెద్దది ఉంచుకున్నాడు.

వేణుగోపాలస్వామి గుడి ఉత్తర ద్వారం దగ్గర యేసుబాబు నిచ్చెన వేశాడు. వెంకటప్పయ్య గారి తమ్ముడి కొడుకు భానుచందర్ తీగలు పరిశీలించి, “పెదనాన్నా, వీటిల్లో స్టార్లున్నాయి” అన్నాడు.

“పైన కూడా ఉన్నాయి. అవీ తీయించమంటావా?” అన్నారు వెంకటప్పయ్య గారు ఆకాశం చూపిస్తూ.

“అది కాదు, జనం ఏమంటారో అని.”

“జనం ఏదో ఒకటి అంటారులే నాయనా,” అంది బల్ల దగ్గర నుంచి సీతారావమ్మ. “నాకు సూది బెజ్జం కనబడాలి. ముందు ఇటు పక్క వెలిగించండి.”

అన్నాల వేళకు పని అయింది. ఏ రెండు తీగలూ ఒక రంగు కావు. కొన్ని ఆగి ఆగి వెలుగుతున్నాయి, కొన్ని ఆగకుండా. నిచ్చెన మీద నుంచి యేసుబాబుకు రెండు గుళ్లూ కనబడ్డాయి. ఇన్నేళ్లూ ఇంకొకరి కోసమే కట్టాననుకున్నాడు. ఈరోజు ఎవరి పండగకు కట్టాడో విడదీసి చెప్పలేడు. తప్పుగా విన్నందుకు తిట్టు తినాల్సినవాడికి ఇంత దక్కింది. ఎవరికి దండం పెట్టాలో తెలియలేదు. వేణుగోపాలస్వామికా, బాలయేసుకా, మొహమాటానికా. నిచ్చెన దిగాడు.

మర్నాడు మూడింటికి ముందే వచ్చి స్విచ్చి వేశాడు. చలిలో శాలువాలు కప్పుకుని జనం వరస కట్టారు. వరసలో ఒకాయన మెడ పైకెత్తి చూసి, “ఈసారి లైటింగుకి ఒక పద్ధతి లేదండీ. ఏ తీగకి ఆ తీగ” అన్నాడు.

“పక్క చర్చిది చూడండి,” అంది వెనకావిడ. “కడితే అట్టా కట్టాలి. ఎవరు కట్టించారో గానీ.”

ద్వారం దగ్గర నిలబడ్డ వెంకటప్పయ్య గారు గొంతు సవరించుకున్నారు.

తెల్లారి జనం పలచబడ్డాక యేసుబాబు తీగలన్నీ విప్పాడు. ఏది ఏ ఇంటిదో అతనికి గుర్తే. ఒక్కొక్కటీ చుట్టి భుజాన వేసుకుని సందులోకి వెళ్లి, ఏ ఇంటిది ఆ ఇంటికి మళ్లీ కట్టాడు. శౌరమ్మ చూరుకు, అమలమ్మ తలుపుకు, అవతలి వరసకు. చివరికి అబ్రహాముది మిగిలింది. ఆయన ఇంకా లేవలేదు. తలుపు కొట్టకుండా కిటికీ చువ్వలకు కట్టి, వెలుగుతోందో లేదో ఒకసారి చూసి, ఆర్పి, నిచ్చెన ఎత్తుకుని షాపుకు వెళ్లాడు.